శిథిలదృశ్యము: పాశ్చాత్యచిత్రకారుల చూపును, ఉదయగిరి దుర్గమును

నెల్లూరునుండి పడమటిదారిని పట్టి సంగము దాటి ఆత్మకూరు చేరి, అచ్చటినుండి వాయవ్యముగా సాగిపోవు ప్రయాణికునకు చాలసేపటివరకు మెట్టచేలును, చిల్లకంపయు, నీరులేని వాగులును తప్ప మఱేమియు కనబడదు. ఆ మీదట వెలికొండల వరుసనుండి విడివడి యెదురువచ్చినట్లు ఉదయగిరి కొండ కనబడును. సముద్రమట్టమునకు దాని యెత్తు సుమారు 3,000 అడుగులు. కొన్నిచోట్ల దాని పార్శ్వములు ఉలితో చెక్కిన గోడవలె నిట్టనిలువుగా నుండును. ఎక్కుటకు వీలైన దారుల నన్నిటిని కాచుచు ప్రాకారములు, బురుజులు. వాని లోపల గుళ్లు, మసీదు, మందిరములు, కోనేళ్లు. వీనిలో కొన్ని నిలిచియున్నవి, పెక్కులు కూలినవి.

కొన్నియేండ్ల క్రిందట ఆత్మకూరు ప్రాంతమువాడైన పరిశోధకవిద్యార్థి యొకడు ఈ దుర్గముపై వ్యాసము వ్రాసి తెచ్చి నాకు చూపెను. శాసనభాగము శ్రద్ధతో వ్రాసినదే. కాని తొలిపుటలు మాత్రము నన్ను తికమక పెట్టినవి. అస్తమయ సూర్యుని బంగారుకాంతి విఱిగిన గోపురముపై జాఱుచుండెననియు, లతలు కూలిన స్తంభమును కౌగిలించుకొని యుండెననియు, దూరమున నొంటరి గొల్లవాడు పిల్లనగ్రోవి నూదుచుండెననియు అందున్నది. “సాయంకాలమున కొండ యెక్కితివా?” అని అడిగితిని. “లేదండీ. పొద్దున్నే ఎక్కి ఎండ ముదరకముందే దిగి వచ్చేసినాను” అని అతడు దాపఱికము లేక చెప్పెను. పిల్లనగ్రోవియు వినలేదట. మేకలు కాచువాడొకడు కనబడిన మాట నిజమే; అతడు సెల్ఫోనులో పాటలు వినుచుండెనట.

ఆ విద్యార్థి అబద్ధమాడెనని నే ననను. అతడు చూడవలసినదానిని అతనికంటె ముందే యెవరో చూచి పెట్టిరి. ఆ చూపు పాఠ్యపుస్తకములద్వారమున, పటములద్వారమున, చలనచిత్రములద్వారమున అతనిదాక వచ్చినది. ఆ యెవరో అనువారెవరు? వారి చూపు ఎక్కడ పుట్టి ఎట్లు మనదేశమునకు వచ్చినది? దానికి ముందు కూలిన ఊరిని, కూలిన గుడిని మనవారెట్లు చూచిరి? ఈ ప్రశ్నలు చిత్రకళాచరిత్రకు సంబంధించినవిగా కనబడినను, తెలుగుసాహిత్యమున వర్ణనను బోధించువారికి తప్పించుకొన రానివి.

రోమునగరమునుండి ఆరంభింపవలెను. ప్రాచీనరోమకుల రాజకీయజీవితమున కెల్ల కేంద్రమైన ఫోరమ్ అను స్థలము మధ్యయుగమున మట్టి మేటవేసి పచ్చికబయలైనది. ప్రజలు దానిని కాంపో వాచ్చినో, అనగా ఆవులబయలు, అని పిలిచిరి. పశువుల నచ్చట మేపిరి, అమ్మిరి. పాలరాతి ఫలకములను, విగ్రహములను సున్నపుబట్టీలలో కాల్చిరి. కూలిన కట్టడము ఊరివారికి రాతిగని. అంతకుమించి యేమియు కాదు. దానిని చూడదగిన వస్తువుగా మొట్టమొదట చూచినవారిలో పెక్కుమంది ఉత్తరదేశములనుండి వచ్చిన పరదేశులు. హాలండు చిత్రకారుడైన మార్టెన్ వాన్ హేమ్స్కెర్క్ 1532లో రోమునకు వచ్చి కొన్నియేండ్లుండి శిథిలముల రేఖాచిత్రములను కుప్పలుగా గీసికొనిపోయెను. 1553లో అతడు తన చిత్రమును తానే వ్రాసికొన్నపుడు వెనుక కొలోసియమ్ శిథిలమును నిలుపుకొనెను. స్వదేశమునకు తిరిగివచ్చి పదునైదేండ్లు దాటినను అతనిని విడువని దృశ్యమది.

ఈ చూపునకు వ్యాకరణము కల్పించినవాడు క్లాడ్ లోరేన్. ఇతడు లోరేన్ దేశీయుడు. జీవితమెల్ల రోములో గడిపి 1682లో అచ్చటనే మరణించెను. ఇతని చిత్రమున నొక క్రమము కలదు. ముందుభాగము నీడతో నల్లగా నుండును. ఒకప్రక్క పెద్దచెట్టు, మఱియొకప్రక్క విఱిగిన స్తంభములుగల దేవాలయము నాటకరంగమున ప్రక్కతెఱలవలె నిలుచును. నడుమ నది గాని, వంతెన గాని. ఆపైన కొండలు నీలముగా, మఱి లేతనీలముగా మారుచు వెలుగులో కలిసిపోవును. ఆ వెలుగు ప్రాతఃకాలపుదో సాయంకాలపుదో కావలెను. మిట్టమధ్యాహ్నమును క్లాడ్ చేరదీయడు. క్రిందిమూల బొమ్మలంతేసి మనుష్యులు నలుగురు, ఆవులు రెండు. మన విద్యార్థి వ్యాసములోని గొల్లవాడు వీరి సంతతివాడే. ఇట్టి చిత్రములను చూచి చూచి, కొండను చూచినపుడు సైతము చిత్రమునే చూచుట యూరపులోని చదువరులకు అలవాటైనది. క్లాడ్ అద్దము అను పేర నొక నల్లని చిన్న అద్దమును పదునెనిమిదవ శతాబ్దిలో విహారయాత్రికులు జేబులో నుంచుకొనెడివారు. దృశ్యమునకు వీపుపెట్టి నిలిచి, దాని ప్రతిబింబమును ఆ మసక అద్దమున చూచి ఆనందించెడివారు. చూడవచ్చినదానికి వీపు పెట్టుట యను ఈ విచిత్రమును తలంచినపుడెల్ల నాకు నవ్వును, కొంత జాలియు కలుగును.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. పానినీ మొదలైనవారు రోమునందు వేర్వేఱు తావులలోనున్న కట్టడములను ఒక్కచోట చేర్చి కాప్రిచియో లనబడు కల్పితదృశ్యములను వ్రాసిరి. అవి అసత్యములని మనము కినియ నక్కఱలేదు. ప్రబంధకవి పురవర్ణనమున మబ్బులనంటు మేడలను కట్టుట యెట్టిదో ఇదియు నట్టిదే. రెండింటిలోను వస్తువు ఊరు కాదు, ఊరిని గూర్చిన భావము. పిరనేసీ (1720-1778) తన ముద్రాచిత్రములలో శిథిలములను ఉన్నవానికంటె పెద్దవిగా, మనుష్యులను ఉన్నవారికంటె చిన్నవారిగా చేసెను. ఫ్రెంచి చిత్రకారుడు హ్యూబర్ట్ రాబర్ట్ ‘శిథిలముల రాబర్ట్’ అనియే పేరుగాంచెను. లూవ్ర్ ప్రదర్శనశాల యేర్పాటులో తానే భాగస్వామియై యుండి, 1796లో ఆ శాల కూలి పైకప్పు లేక ఆకాశమునకు తెఱచుకొని యున్నట్లు చిత్రించెను. నిలిచియున్న యింటిని శిథిలముగా ఊహించి సుఖించు స్థితికి యూరపు వచ్చినదన్నమాట. అంతకుముందే, 1767లో, ఇతని చిత్రములను చూచిన దిదెరో శిథిలములు తన మనస్సున గొప్ప భావములను రేకెత్తించుచున్నవనియు, సమస్తము నశించుననియు, కాలమొక్కటే నిలుచుననియు వ్రాసియుండెను.

ఇంగ్లండున ధనికులు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. శిథిలములు లేని తోటలలో క్రొత్తగా శిథిలములను కట్టించిరి. 1740 ప్రాంతములలో హాగ్లీ అనుచోట శాండర్సన్ మిల్లర్ కట్టించిన కూలినకోట అట్టిది. అది కోటగా నెన్నడును ఉండలేదు, పుట్టుటయే కూలి పుట్టినది. వై నదీతీర యాత్రను గూర్చి 1782లో గ్రంథము ప్రకటించిన విలియం గిల్పిన్ అను ఫాదరీ చిత్రయోగ్యసౌందర్యమునకు సూత్రకారుడు. టింటర్న్ మఠశిథిలము కూలవలసిన రీతిని కూలలేదనియు, దాని త్రికోణపు గోడకొనలు మఱీ క్రమముగా నున్నవనియు, నేర్పరి యొకడు సుత్తితో నాలుగు దెబ్బలు వేసిన బాగుండుననియు ఆయన తలచెను. ఆయన దుష్టుడు కాడు. తన పారిష్ బీదల పిల్లలకు బడి పెట్టినవాడు. కాని సౌందర్యసిద్ధాంత మొకటి నిష్కళంకముగా అనుసరింపబడినచో ఎక్కడికి పోవునో ఆ సుత్తి చూపుచున్నది.

ఈ చూపు హిందూదేశమునకు వచ్చిన దారి స్పష్టముగా తెలియుచున్నది. ఇటలీలో శిథిలదృశ్యములను వ్రాసి ఇంగ్లండునకు క్లాడ్ పద్ధతిని తెచ్చినవారిలో రిచర్డ్ విల్సన్ ముఖ్యుడు. ఆయన శిష్యుడు విలియం హాడ్జెస్. ఇతడు కెప్టెన్ కుక్ రెండవ సముద్రయాత్రలో (1772-1775) నౌకాచిత్రకారుడుగా పోయి, తహితి ద్వీపమును క్లాడ్ కాంతిలో ముంచి చిత్రించెను. 1780లో మద్రాసున దిగెను. ఆ సంవత్సరమే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తుటచే ఊరు దాటి పోవుటకు వీలులేక, అనారోగ్యముతో సుమారొక యేడు అచ్చటనే గడిపి, 1781లో కలకత్తాకు తరలిపోయెను. ఉత్తరదేశమున వ్రాసికొన్న దృశ్యములను 1785-1788 నడుమ 48 ముద్రాచిత్రములుగా ప్రకటించెను. యుద్ధమే లేకున్న తెలుగుదేశపు కొండకోటలలో ఒకటిరెండైన అతని కంట పడియుండెడివేమో.

ఇతని తరువాత థామస్ డేనియల్, ఆయన అన్నకొడుకు విలియం డేనియల్ 1786లో కలకత్తా చేరిరి. 1792-1793లో వారు సాగించిన దక్షిణయాత్ర మద్రాసునుండి మైసూరుసీమ కొండకోటలకును, ఆపై తంజావూరు, మధుర, రామేశ్వరములకును పోయినది. ఈ యాత్రలకు వారు లాటరీలు వేసి తమ చిత్రముల నమ్మి సొమ్ము కూర్చుకొనిరి. ఇంగ్లండునకు మరలిన పిదప 1795-1808 నడుమ ‘ఓరియంటల్ సీనరీ’ అను పేర 144 చిత్రములను ప్రకటించిరి. వానిలో ఉదయగిరి లేదు. ఈ చిత్రముల ముద్రణపద్ధతిని ఆక్వాటింట్ అందురు. రాగిరేకుపై సజ్జరసపు పొడిని చల్లి, వేడిచేసి అంటించి, ఆమ్లములో ముంచినచో పొడిరేణువుల సందులలో మాత్రము రాగి తినబడును. ఎక్కువసేపు ముంచినభాగము ముదురునీడగను, తక్కువసేపు ముంచినభాగము లేతనీడగను అచ్చుపడును. గీతలు లేకయే మంచువంటి నీడలను అచ్చువేయు సాధనమిది. శిథిలమును కలవలె చూపుటకు ఇంతకంటె తగిన పని దొరకదు. ఆ అచ్చులపై చేతితో రంగులు వేసెడివారు.

డేనియళ్లు కొలతలయందు హాడ్జెస్ కంటె నిక్కచ్చివారు. కెమెరా అబ్స్క్యూరా అను చీకటిపెట్టెను వెంట గొనిపోయి స్తంభముల లెక్కను, అంతస్తుల పొందికను తప్పక గీసిరి. హాడ్జెస్ చిత్రించిన తావులకే పోయి అతని తప్పుల నెన్నిరి. ఐనను కూర్పు మాత్రము క్లాడ్ దే: ముందు నీడ, ప్రక్కన చెట్టు, నడుమ నీరు, వెనుక వెలుగు. రోముదేవదారు నిలిచినచోట మఱ్ఱియో తాటియో నిలిచినది. గొల్లవాడు నిలిచినచోట తలపాగ చుట్టిన మనుష్యుడు నిలిచినాడు. అతడు చేయుపని యేమియు లేదు. గుడి యెంత పెద్దదో చూపుటకు కొలబద్దగా మాత్రమే నిలిచినాడు.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. రోమునందలి కూలిన స్తంభమును చూచి ఇంగ్లీషువాడు విచారించిన అతని కొక హక్కున్నది. బడిలో వర్జిలును కంఠస్థము చేసినవాడతడు. ఆ స్తంభమును నిలిపినవారిని తన విద్యకు పితరులుగా ఎంచుకొన్నవాడు. మధురలోని మండపమును చూచి విచారించునపుడు అట్టి బాంధవ్యము లేదు. కావున విచారమును రోమునుండి అరువు తెచ్చుకొనవలసివచ్చెను. అరువు తెచ్చిన విచారమునకు ఋణము తీర్చు బాధ్యత లేదు. బాంధవ్యము లేని వింతను అందముగా అనుభవించుట, అనుభవించినదానికి జవాబుదారి కాకుండుట: దీనినే నేను దూరదేశమోహము అనుచున్నాను. రాజకీయముగ దీనికొక అనుమానము కూడ తోడుగా నుండెను. కట్టినవారు గతించిరి, ఇప్పుడు క్రింద కూర్చున్నవారు కట్టలేరు, కనుక కాపాడువాడు వేఱొకడు రావలెను అని ఆ చిత్రములు నోరు విప్పకయే చెప్పినవి. ఐనను అందఱిని ఒక్క గాట కట్టుట న్యాయము కాదు. కట్టడములకు గ్రీసు ఒక్కటే ప్రమాణము కారాదనియు, హిందూ, మహమ్మదీయ, గాథిక్ నిర్మాణములకు వాని మూలసూత్రములు వానికి కలవనియు 1787లోనే వాదించి ప్రకటించినవాడు ఆ హాడ్జెస్సే. చేయి క్లాడ్ చెప్పినట్లు వినినను బుద్ధి వినలేదు.

ఇక ఉదయగిరికి వత్తము. చిత్రయోగ్యతకు గిల్పిన్ కోరు లక్షణము లన్నియు ఈ కొండకు కలవు, సుత్తియు నక్కఱలేదు. మఱి ఇది శిథిలదృశ్యముగా ఏల ప్రసిద్ధికి రాలేదు? దారిదూరము ఒక కారణము. రెండవ కారణము నాకు ముఖ్యముగా తోచుచున్నది. చిత్రకారులు మైసూరుకోటలను గీయుచున్న కాలమున ఉదయగిరి ఇంకను శిథిలము కాలేదు. ఆర్కాటు నవాబులకు లోబడిన జాగీరుదారుల చేతిలో అది 1839 ప్రాంతమువరకు నుండెను. ఆ యేటి కుట్రయారోపణముల పిమ్మట కంపెనీవారు జాగీరును స్వాధీనము చేసికొనిరి. శిథిలము కావలెనన్న రాయి కూలిన చాలదు, మనుష్యులు విడువవలెను.

అంతకుముందటి చరిత్ర సాహిత్యవిద్యార్థు లెఱిగినదే ఐనను, కొన్నింటిని జ్ఞాపకము చేసెదను. విజయనగరరాజ్యము పుట్టిన తొలినాళ్లలోనే సంగమవంశీయుల తూర్పు రాజ్యభాగమునకు ఉదయగిరి కేంద్రమైనది. రెండవ సంగముని బిట్రగుంట శాసనము 1356 నాటిది. పదునైదవ శతాబ్దిలో గజపతుల పక్షమున ఉదయగిరి నేలిన బసవరాజునకు దూబగుంట నారాయణకవి పంచతంత్రమును అంకితమిచ్చెను. ఆ రాజునకు మంత్రియైన గంగయకు నంది మల్లయ, ఘంట సింగయలు ప్రబోధచంద్రోదయమును, దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానమును అంకితము చేసిరి. మూడు కావ్యములకు చోటిచ్చిన ఆస్థానము! కూలిన గోడలను చూచి రోమును తలంచుకొను మన విద్యార్థికి, ఆ గోడల నడుమ చదువబడిన తెలుగుపద్యములు ముందుగా తలపునకు రావలదా?

1513లో కృష్ణదేవరాయలు ఈ దుర్గమును ముట్టడించెను. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగినది. సైన్యము బురుజులవఱకు పోవుటకు పెద్దపెద్ద గుండ్లను పగులగొట్టించి రాయలు దారులు వేయించెనని పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ వ్రాసెను. 1514లో దుర్గము లొంగినది. ఆ యేటి జూలైలో రాయలు తిరుమలకు పోయి కానుకల నర్పించిన సంగతి అచ్చటి శాసనములు చెప్పుచున్నవి. మఱియొక కానుకను ఆయన ఉదయగిరినుండియే తీసికొనిపోయెను. అది బాలకృష్ణుని శిలావిగ్రహము. దానికొఱకు హంపిలో పెద్ద ఆలయము నెత్తించి 1515లో ప్రతిష్ఠ చేయించెను. 1565 తరువాత హంపి పాడుపడెను. నేడా విగ్రహము చెన్నపట్నపు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. ఉదయగిరి గుడి ఒకటి దేవుడు లేక నిలిచియుండుట కాలముచే గాక, ఒక మహారాజు భక్తిచే జరిగిన పని. కూలుటకు కాలమును దూఱుట తేలిక. దిదెరో వలె కాలమొక్కటే నిలుచునని నిట్టూర్చినచో ఎవరు ఏమిచేసిరో అడుగు పని తప్పిపోవును. పదునేడవ శతాబ్దిలో గోలకొండసైన్యము వచ్చినది, గుడి పోయి మసీదు వచ్చినది. కొండమీది పారసీక శాసనములు దాని కథ చెప్పుచున్నవి. ఇవన్నియు మనుష్యులు చేసినవి, తేదీలు గలవి.

ఇప్పుడు మూడవ ప్రశ్న. కూలిన ఊరిని మనవారెట్లు చూచిరి? శిథిలసౌందర్యదృష్టి మనకు లేదనువారు రఘువంశము పదునాఱవ సర్గమును మఱచినవారు. కుశుడు కుశావతిలో నుండగా అర్ధరాత్రమున, తలుపులు మూసిన శయనగృహమున, ఒక స్త్రీ ప్రత్యక్షమగును. ఆమె అయోధ్యాధిదేవత. పాడుపడిన తన నగరమును ఆమె వర్ణించును: అభిసారికల యందెలు మ్రోగిన రాజవీథులలో నక్కలు తిరుగుచున్నవట, జలక్రీడలలో మృదంగధ్వని చేసిన నడబావుల నీటిని అడవిదున్నలు కొమ్ములతో చిమ్ముచున్నవట, గోడమీది చిత్రపుటేనుగులను నిజమైనవని భ్రమసి సింహములు కుంభస్థలములు చీల్చుచున్నవట, రంగులు వెలిసిన స్తంభములయందలి స్త్రీప్రతిమలకు పాములు విడిచిన కుబుసములే పైటలైనవట. ఇంతటి శిథిలచిత్రము యూరపుభాషలలో నున్నదో లేదో చెప్పగల పాండిత్యము నాకు లేదు గాని, క్లాడ్ లో లేదని చెప్పగలను. అందము కొఱవడలేదు. కాని ఆ వర్ణన యెవరితో చెప్పబడినది? ఊరికి హక్కుదారుడును, బాధ్యుడును ఐన రాజుతో. ఏల చెప్పబడినది? తిరిగి రమ్మని. కుశుడు వినును, కుశావతిని బ్రాహ్మణుల కిచ్చి కదలును, శిల్పులు నగరమును మరల క్రొత్తది చేయుదురు. వర్ణన ఫిర్యాదుగా పుట్టి పునర్నిర్మాణముగా ముగియుచున్నది.

గంగాదేవి మధురావిజయమున నిదే కూర్పు కనబడును. పదునాల్గవ శతాబ్దిలో, బుక్కరాయల కుమారుడైన కంపరాయల ఎదుటికి ఒక స్త్రీ వచ్చి దక్షిణదేశపు దురవస్థను చెప్పును. శ్రీరంగమున కూలుచున్న యిటుకలు స్వామిపై పడకుండ ఆదిశేషుడు పడగ పట్టుచున్నాడని చెప్పును. చెప్పి, కత్తిని చేతికిచ్చును. (ఈ కంపరాయలు వేఱు, ఉదయగిరి నేలిన కంపరాజు వేఱు, ఇతనికి పెదతండ్రి వరుస. పరీక్షాపత్రములలో ఇద్దఱు ఒక్కరగుట తఱుచు చూచుచున్నాను.) తెలుగుశతకకవులకు కత్తి నిచ్చుటకు రాజు దొరకలేదు. అందుచే వారు దేవునే నిలదీసిరి. సింహాచలముపై గోగులపాటి కూర్మనాథకవియు, భద్రాచలముపై భల్లా పేరకవియు దండయాత్రల నాటి దైన్యమును దేవునికి నిందాస్తుతిగా విన్నవించిరి. ఊరు చెడినపుడు నీవేమి చేయుచున్నావని అడుగుట వారి పద్ధతి. ఎవనిని అడుగవలెనో తెలిసినవాని దుఃఖమది.

పద్యములు వ్రాయనివారి పద్ధతి కైఫీయత్తులలో నున్నది. కాలిన్ మెకంజీ (1754-1821) కొఱకు ఏలూరివారైన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులును, వారి తోడివారును ఊరూరు తిరిగి కరణములనుండి సేకరించిన ఈ వృత్తాంతములను చదివినవారికి ఒక విశేషము తెలియును. ఏ గుడి యెవరు కట్టించిరి, ఏ చెఱువు క్రింద ఎంత మాన్యము, ఎవరి కాలమున తెగినది, పూజ ఎప్పుడు నిలిచినది, ఇప్పు డెవరు అనుభవించుచున్నారు: ఇవియే అందలి విషయములు. సూర్యాస్తమయ మెక్కడను లేదు. మెకంజీ కచేరిలో బొమ్మలు గీయువారును ఉండిరి. అమరావతి శిలలను 1816 తరువాత వారు గీసిన పటములు నేడు లండనున భద్రముగా నున్నవి. ఆ పటములలో చెట్టు లేదు, నీడ లేదు. రాయి ఒక్కటి, దాని కొలత. అమరావతి శిలలు పెక్కులు పిమ్మట సున్నమైపోయినవి కనుక వానిలో కొన్ని మనకు ఆ కాగితములమీద మాత్రమే మిగిలినవి. అందములేని బొమ్మ ఒక్కొక్కపుడు అందమైనదానికంటె ఎక్కువ కాపాడును.

ఇరువదవ శతాబ్ది తెలుగుకవిత్వమున ఈ రెండు చూపులు కలిసినవి. కొడాలి సుబ్బారావుగారి హంపీక్షేత్రము, విశ్వనాథవారి ఆంధ్రప్రశస్తి చదివినవారికి ఇది తెలియును. ఒంటరిగా శిథిలముల నడుమ నిలిచి కన్నీరు విడుచు కవి ఇంగ్లీషు కాల్పనికకవులనుండి వచ్చినవాడు. కాని అతడు విడుచు కన్నీరు అరువుది కాదు, తనవారికొఱకు విడిచినది. పితరులెవరో ఎఱిగి యేడ్చుచున్నాడు. ఆ కవితను కేవలము అనుకరణమని త్రోసివేయువారితో నేను ఏకీభవింపను. ఐతే ఆ కవుల పిమ్మట వచ్చిన వచనరచయితలలో పెక్కుమందికి బాంధవ్యము సన్నగిల్లి బంగారుకాంతి మాత్రము మిగిలినది. యాత్రాశాఖల కరపత్రములు దానిని ఇంకను పలుచన చేసినవి.

ఇది కేవలము శైలికి సంబంధించిన పట్టింపు కాదు. కూలుటయే అందమని నేర్చుకొన్న కన్ను ఇంకొంచెము కూలిన నొచ్చుకొనదు. గుప్తనిధులకొఱకు దేవుని పీఠములను పెకలించు జాడ్యము నెల్లూరు, కడప మండలములలోని కొండకోటల నన్నిటిని పట్టియున్నది. క్రొత్తగా త్రవ్విన గోతిని, ప్రాత శిథిలమును వేఱుగా గుర్తింపవలెనన్న, నిన్న అచ్చట ఏమి యుండెనో ఎవరైన వ్రాసియుండవలెను. బటర్వర్త్, వేణుగోపాలచెట్టిగార్లు నెల్లూరు మండల శాసనములను 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. ఏ శాసన మే యూర, ఏ చోట నున్నదో అందు కలదు. ఆ సంపుటములను చేతబట్టి ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల గ్రామములలో తిరిగి, ఆనాడు చెప్పినచోట నేడు రాయి యున్నదా లేదా అని చూచు పని ఒక పరిశోధకునకు మూడేండ్ల పని. అందు గొల్లవాని పిల్లనగ్రోవికి చోటుండదు గాని, గొల్లవానికి మాత్రము చోటుండును. పడిపోయిన రాయి ఏ కంపలో నున్నదో అతనికే తెలియును.

ఆ విద్యార్థిని ఆనాడు ఇంకొక మాట అడిగితిని. “మీ ఇంటిలో పెద్దలు ఆ కోటను గూర్చి ఏమనెడివారు?” అంటిని. కొంచెము ఆలోచించి, “మా తాత ఎక్కువేం చెప్పేవాడు కాదండీ. ఆ మాట వస్తే, అక్కడ దేవుడు వెళ్లిపోయినాడురా అనేవాడు” అనెను. రాయలు విగ్రహమును గొనిపోయిన సంగతి ఆ ముసలివానికి ఏ పుస్తకమును చెప్పియుండదు. ఆ వాక్యమును వ్యాసమున మొదట పెట్టుమని చెప్పితిని.

అతడు వ్యాసమును తిరుగవ్రాసెను. దానికొఱకు ఈ మాఱు సాయంకాలమునకూడ కొండపై నుండి చూచెనట. తాను నిలిచిన గుడివాకిటికి ఆ ఎండయే రాలేదట, కొండనీడ ముందే పడినదట. రెండవ ప్రతిలో తాతగారి మాట మొదట నున్నది. తరువాత ద్వారములు, బురుజులు, కోనేళ్లు, మెట్టుగా మారిన ఒక శాసనపురాయి, వరుసగా. బంగారుకాంతి వాక్యమును మాత్రము అతడు తీసివేయలేదు. కొండమీదినుండి దించి, ఆత్మకూరుదారిన తిరిగివచ్చునపుడు మెట్టచేలమీద చూచినట్లు మార్చి యుంచుకొనెను. అట్లే యుండనిచ్చితిని.